బుధుడి పగలు

ఆ వానాకాలం మా అమ్మాయి యిన్ యిన్ పాదాలు వాచాయి. మొదట చెప్పులు బిగుతయ్యాయంది. తర్వాత వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోవడం మొదలైంది. పొద్దున లేచేసరికి మొహం కూడా ఉబ్బి, కళ్ళు సన్నబడి, ఎవరో వేరే ఇంటి పిల్లలా కనిపించేది. ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు ఈ నెల దాకా వచ్చి, రెండుసార్లూ ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది.

డాక్టరమ్మ రక్తపోటు చూసి నన్ను వరండాలోకి పిలిచింది. ఉప్పు మానిపించమంది. పులిసిన చేపముద్ద ముట్టనివ్వొద్దంది.

"మంచం దిగనివ్వకండి. చదవనివ్వకండి. తలనొప్పి ఆగకపోయినా, కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నాయన్నా, ఏ వేళైనా సరే తీసుకొచ్చెయ్యండి పెద్దమ్మా. బట్టలు సర్దుకుంటూ కూర్చోకండి."

"తీసుకురాకపోతే?"

ఆవిడ నా వంక కాసేపు చూసి, "తీసుకురండి" అంది.

ఇంటికొచ్చే దారిలో గుర్రబ్బండిలో యిన్ యిన్ నా మోచెయ్యి గిల్లింది. "ఏమంది?"

"ఉప్పు మానెయ్యమంది."

"వరండాలో అంతసేపూ ఉప్పు గురించేనా?"

"నీ ఉప్పు అంత పెద్ద సంగతి మరి."

"చూడమ్మా, నొప్పులు మొదలయ్యేదాకా నేను మళ్ళీ ఆ ఆసుపత్రి మంచం ఎక్కను. ముందే చెప్తున్నా. నువ్వు ఏడ్చి గోలపెట్టినా సరే." చెప్పి బయటికి చూస్తూ కూర్చుంది. బండి పైకప్పు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ ఆసుపత్రి గేటు చూస్తే నా కాళ్ళు కూడా తడబడతాయి.

మా ఇల్లు మౌల్మీన్‌లో పగోడా గుట్ట కింద వీధిలో ఉంది. వానాకాలంలో నెలల తరబడి రేకుల మీద చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నేను చుట్టలు చుడతాను. అల్లుడు ఆంగ్ న్యున్ సాల్వీన్ నది మీద ఎగువకు వెళ్ళే పడవలో పని చేస్తాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో నది చెప్పాలి. యిన్ యిన్ బడిలో భూగోళం చెబుతుంది. ముగ్గురమే మనుషులం.

ఎవరైనా గుమ్మం దాటుతుంటే నాకు భయం. ఇది వయసుతో వచ్చిన భయం కాదు. జపాను వాళ్ళు అడవిలో రైలుదారి వేస్తున్న ఏడు, ఇంటికొక మనిషిని పంపమని ఊరి పెద్దకు ఆజ్ఞ వచ్చింది. మా ఆయన ఫో హ్లైన్ సేమియా తింటున్నవాడు సగం గిన్నెలో లేచి, "బిడ్డ పుట్టేలోపు వచ్చేస్తాలే" అని చొక్కా భుజాన వేసుకుని వెళ్ళాడు. నాకప్పుడు ఐదో నెల. ఆ సగం గిన్నె నేను రెండు రోజులు పారబొయ్యలేదు. అందుకే ఇప్పుడు అల్లుడు పడవకి బయల్దేరే ముందు గిన్నె ఖాళీ చేసేదాకా నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాను. అతను నవ్వుతాడు. నవ్వుతూ తింటాడు.

డాక్టరమ్మ మాట విన్న రోజే జ్యోతిష్కుడు సయా మైంగ్ దగ్గరికి వెళ్ళాను. పలక మీద గళ్ళు గీసి, అంకెలు వేసి, తుడిచి, మళ్ళీ వేశాడు.

"అమ్మాయి రాహువు బిడ్డే కదూ?"

"అవును సయా. బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటకి."

మాకు బుధవారం రెండు ముక్కలు. మధ్యాహ్నం దాటకముందు పుట్టినవాళ్ళు బుధుడి బిడ్డలు, దాటాక పుట్టినవాళ్ళు రాహువు బిడ్డలు. పగోడా చుట్టూ ఎనిమిది మూలల్లో ఎనిమిది గ్రహాల గద్దెలుంటాయి. ఎవరి మూలలో వాళ్ళు నీళ్ళు పోసుకుంటారు. బుధుడిది దక్షిణం, దంతాల ఏనుగు. రాహువుది వాయవ్యం, దంతాలు లేని ఏనుగు. యిన్ యిన్ నడక నేర్చిన దగ్గర్నుంచి ఆ దంతాలు లేని ఏనుగు నెత్తిన నీళ్ళు పోయించాను. ఆ ఏనుగు చెవి అంచు దాని చేతికింద అరిగింది.

"ఈ నెలంతా గ్రహం మరణస్థానంలో ఉంది, డా ఛో" అన్నాడు సయా, పెద్దామెకిచ్చే 'డా' మర్యాద నా పేరుకి చేర్చి, గొంతు తగ్గించి. "మీ చేత్తోనే నీళ్ళు పొయ్యండి. వయసుకంటే ఒక గిన్నె ఎక్కువ. తల్లి చెయ్యే ఉండాలి, పక్కవాళ్ళని పంపకండి."

వానలో మెట్లెక్కి వెళ్ళి పోసొచ్చాను. ఆకాశం నుంచే అన్ని నీళ్ళు పడుతుంటే నా గిన్నె నీళ్ళు రాహువుకి ఏం తెలుస్తాయా అనిపించింది. అనిపించినందుకు మూడుసార్లు లెంపలు వేసుకున్నాను.

పడుకునే ఉండాలి, చదవకూడదు. యిన్ యిన్‌కి ఆ రెండూ శిక్షే. అందుకని వీధి చివర పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లోంచి పత్రికలు తెచ్చి నేనే చదివి వినిపించేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. చుట్టలు కట్టకట్టడానికి తెచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. చదవడం నెమ్మది. కానీ మొదలుపెడితే అట్టమీది నుంచి వెనకపేజీలో తలనొప్పి మాత్రల ప్రకటన దాకా వదలను.

ఆ ఆదివారం తెచ్చిన పత్రికలో బుధగ్రహం ఫొటో ఉంది. ఏదో యంత్రాన్ని ఆకాశంలోకి పంపి దగ్గర్నుంచి తీశారట. నాసిరకం కాయితం మీద బూడిదరంగు ముద్ద. నిండా గుంటలు. అన్నం మాడిన గిన్నె అడుగులా ఉంది.

"అలా తిప్పేస్తావేం? చదువు" అంది యిన్ యిన్.

చదివాను. సూర్యుడికి అన్నిటికంటే దగ్గర గ్రహం అదేనట. అంతా రాయే, లోపల పెద్ద ఇనుపగుండె. ఆ ఇనుము చల్లారుతూ ముడుచుకోవడంతో పైన నేల ముడతలు పడి గుట్టలు లేచాయట. గాలి లేదు. అందుకని నడిపగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుందట. పగటివైపు సీసం కరిగిపోయేంత వేడి, రాత్రివైపు మంచుకంటే ఎన్నోరెట్లు చలి. అక్కడ ఒక్క రోజు గడిచేలోపు రెండు సంవత్సరాలు గడిచిపోతాయట.

అక్కడ ఆగాను. "అచ్చు తప్పేమో. రోజులో సంవత్సరాలేంటి?"

"తప్పు కాదమ్మా. లే, చూపిస్తా. ఆ కుంపటి సూర్యుడు. దాని చుట్టూ నువ్వు నడువు. నడుస్తూ నీ చుట్టూ నువ్వు తిరుగు. ఒకసారి కుంపటిని చుట్టి వచ్చేసరికి నువ్వు ఒకటిన్నర చుట్లు తిరగాలి. నెమ్మదిగా. కుంపట్లో పడకు, నీ అల్లుడికి నేను జవాబు చెప్పలేను."

తిరిగాను. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి నా వీపు కుంపటికి ఉంది.

"ఏడాది అయింది. బయల్దేరినప్పుడు నీ మొహం మీద మధ్యాహ్నం. ఇప్పుడు అర్ధరాత్రి. ఇంకో చుట్టు తిరుగు."

తిరిగాను. మళ్ళీ సెగ మొహానికి తగిలింది.

"ఇంకో ఏడాది. ఇప్పుడు మళ్ళీ మధ్యాహ్నం. అదీ అక్కడ ఒక రోజు."

"తల తిరుగుతోందే" అని కింద కూర్చున్నాను. అది నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. "మరి అక్కడ గడియారం ఉంటే మధ్యాహ్నం ఎన్ని గంటలకి కొడుతుంది?" అని అడిగాను, ఇంకా కాసేపు నవ్వించాలని.

"గడియారందేముందమ్మా, మనం ఎలా తిప్పితే అలా కొడుతుంది. సూర్యుడు నడినెత్తికి వస్తేనే మధ్యాహ్నం. ఏ గ్రహం మీదైనా అంతే."

నా చేతిలో పత్రిక అలాగే ఉండిపోయింది.

గడియారం మనం ఎలా తిప్పితే అలా. యిన్ యిన్ పుట్టిన ఏడు ఈ ఊళ్ళో గడియారాలన్నీ జపాను వాళ్ళు తిప్పారు. టోక్యోలో ఎన్ని గంటలైతే మౌల్మీన్‌లోనూ అన్ని గంటలే. పొద్దున చీకట్లో లేచి ఏడు కొట్టిందనేవాళ్ళం. యిన్ యిన్ పుట్టగానే సైనికుల బారకాసులో కొట్టిన ఒంటిగంట ఆ టోక్యో గంటే. బయట వాన, ఎండ లేదు, నీడ లేదు. కానీ మంత్రసాని బిడ్డను తుడిచి నా పక్కన పడుకోబెట్టాక ఇంకో గంట విన్నాను. మఠంలో భిక్షువుల భోజనం గంట. పెద్ద భిక్షువు తన గడియారం తిప్పనివ్వలేదు. మధ్యాహ్నం దాటాక మెతుకు ముట్టనన్న వ్రతం సూర్యుడితో పెట్టుకున్నాను, సైనికులతో కాదన్నాడు. ఆ గంట వినగానే, ఇవాళ ఫో హ్లైన్ పేరున గుప్పెడు అన్నం కూడా వెయ్యలేకపోయానే అని ఏడ్చాను. ఆ ఏడుపు నాకు బాగా గుర్తు.

భోజనం గంట బిడ్డ పుట్టాక కొట్టిందంటే, నా బిడ్డ మధ్యాహ్నానికి ముందే పుట్టింది.

చెప్పాను. యిన్ యిన్ మొదట పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే ఇన్నేళ్ళూ ఎవరి ఏనుగుకో స్నానం చేయించానా?" అని, నా మొహం చూసి ఆగింది. "అమ్మా. ఇటు చూడు. ఇప్పుడే కదా చదివావు. అది రాయి. గాలి లేదు, చుక్క నీళ్ళు లేవు. దానికి నేనెవరో తెలీదు."

"అదేనే నా భయం."

రాహువు నాకు తెలిసినవాడు. వాడికి రాయి లేదు, రప్ప లేదు, వాడొక నీడ. కోపమొస్తే బతిమాలుకోవచ్చు. ఈ బుధుడి ఫొటో మాత్రం నా కళ్ళముందు నుంచి కదల్లేదు. మా ఇంటి రేకులు సూర్యుడు వెళ్ళిపోయాక కూడా కాసేపు వెచ్చగా ఉంటాయి. ఫో హ్లైన్ వెళ్ళాక అతని దుప్పటిలో నెలరోజులు అతని వాసన ఉంది. గాలి ఉన్న చోట పోయినవాళ్ళది కాస్త ఏదో ఒకటి మిగులుతుంది. ఆ గుంటల నేల మీద అదీ లేదట. మొహం అటు తిరిగితే చాలు, అంత వేడీ ఆకాశంలోకి పోతుంది. ఏదీ నిలవని అలాంటి చోటి బిడ్డా నా యిన్ యిన్?

గొడుగు తీసుకుని సయా మైంగ్ ఇంటికి పరుగెత్తాను. ఆయన వేయించిన చిక్కుడు గింజలు, ఊరేసిన టీ ఆకు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. విన్నాడు. నోట్లో గింజ నమలడం మానేశాడు.

"జపాను గంటా?"

"అవును సయా."

"అప్పుడు నేను మా గురువు దగ్గర శిష్యుణ్ణి. ఆ మూడేళ్ళలో పుట్టిన బుధవారం పిల్లలందరి జాతకాలు... అయ్యో, మా చెల్లెలి పెళ్ళి! ఆ బుధవారం పిల్లాడి సంబంధం, రాహువు బిడ్డ అని నేనే వద్దన్నాను!"

"మీ చెల్లెలు నలుగురు పిల్లలతో హాయిగానే ఉంది. నా కూతురి సంగతి చూడండి."

పలక తుడిచాడు. గళ్ళు వంకరపోయాయి. లెక్క వేశాడు, చెరిపాడు, వేశాడు.

"బుధుడైనా మరణస్థానమే. పైగా ఇన్నేళ్ళుగా మీ అమ్మాయి వరకు ఆ గద్దె ఎండిపోయి ఉంది. రేపే పొయ్యాలి. మధ్యాహ్నం పన్నెండు దాటకూడదు. దాటితే నన్ను అడక్కండి."

"సయా, బుధుడు ఒకవైపు కాలిపోతూ ఒకవైపు గడ్డకట్టుకుపోయి ఉంటాడట. మనల్నేం కాస్తాడు?"

"ఎవరన్నారు?"

"పత్రికలో ఫొటో వేశారు."

"ఆ ఫొటో తీసినవాళ్ళు ఏ వారం పుట్టారో ముందది కనుక్కోండి" అని కసిరాడు. కానీ గుమ్మం దాకా వచ్చి నా గొడుగు విప్పి చేతికిచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అలా రాలేదు. ఆ మర్యాద చూసి నాకు ఇంకా భయమేసింది.

సోమవారం పొద్దున సిగలో ఒక పసుపు పువ్వు తురుముకుని, వెండి గిన్నె తోమి, కొవ్వొత్తులు మూటగట్టాను. యిన్ యిన్ దగ్గర కూర్చోడానికి పక్కింటి డా ప్యోన్ వచ్చింది. పొద్దున్నే మొహింగా, అంటే చేపపులుసు సేమియా, అమ్మి, గంపెడు కబుర్లతో వచ్చే మనిషి.

"వెళ్ళు వెళ్ళు, ఛో అక్కా. మెట్ల మీద జారతావు, చెప్పులు చేత్తో పట్టుకో. దీన్ని నేను చూసుకుంటాగా."

"కబుర్లు చెప్పి దాని తల తినకు."

"తల కాకపోతే ఏం తినను, నువ్వు ఉప్పు లేకుండా వండిన కూరా?"

చెప్పి వద్దామని లోపలికి వెళ్ళాను. యిన్ యిన్ పత్రికని గుండెల మీద పెట్టుకుని చూస్తోంది.

"చదవొద్దన్నానా?"

"చదవట్లేదమ్మా, బొమ్మ చూస్తున్నా. నిన్న నువ్వు మాడిన గిన్నె అన్నావే గానీ ఈ మెరుపుల సంగతి చెప్పలేదేం? అంచుల చుట్టూ నిప్పురవ్వల్లా కదుల్తున్నాయి."

పత్రిక తీసుకున్నాను. బూడిదరంగు. నిన్నటి గుంటలే. ఎక్కడా మెరుపు లేదు. కాయితం మీద బొమ్మ కదలడమేమిటి?

మూసేసి నా వెనకాల పెట్టుకున్నాను. "ఇప్పుడూ కనిపిస్తున్నాయా?"

"ఊఁ" అంది, నన్ను చూసి కళ్ళు చికిలించి. "నీ భుజం మీద కూడా ఉన్నాయి."

"తల నొప్పిగా ఉందా?"

దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"యిన్ యిన్."

"రాత్రి నుంచీ. చెప్తే నువ్వు అక్కడికి తీసుకుపోతావని."

"ప్యోన్! బండి పిలువు!" అన్నాననుకున్నాను. రెండోసారి అరిచాక గానీ మాట బయటికి రాలేదు.

డా ప్యోన్ పరుగెత్తుకొచ్చి విషయం విని నెత్తి కొట్టుకుంది. బండి వీధి మలుపులోనే దొరికింది. ఇద్దరం యిన్ యిన్‌ని చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. "నేను రాను, అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంటూనే ఎక్కింది. దాని చెయ్యి ఎక్కడెక్కడో గాల్లో వెతికి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మరి పగోడా?" అంది డా ప్యోన్ బండి పక్కనే నడుస్తూ. "పదకొండు కావస్తోంది. దారిలోనే కదా మెట్లు. దీన్ని నేను తీసుకెళ్తా, నువ్వు పోసి రా. తర్వాత ఏమైనా అయితే అప్పుడు పొయ్యలేదని..."

"నోరు ముయ్యవే!"

అంతకుముందు నేను దాన్ని ఎప్పుడూ అలా అనలేదు. అది నోరు మూసుకుని, తడిసిన తువ్వాలు తీసి యిన్ యిన్ కాళ్ళ మీద కప్పింది.

బండి తోలే ఉ ఛిట్ గుర్రాన్ని అదిలించాడు. వానకి రోడ్డు కనిపించడం లేదు. నా ఒళ్ళో వెండి గిన్నె ఉందని అప్పుడు చూసుకున్నాను. ఎలా వచ్చిందో తెలియదు. పగోడా మెట్ల దగ్గర సింహాలు వానలో తెల్లగా కనిపించగానే ఉ ఛిట్ కూడా గిన్నె వంక చూసి పగ్గం కాస్త లాగాడు.

"ఆపనా పెద్దమ్మా? ఇలా పోయొచ్చేస్తారుగా."

పైకి చూశాను. మెట్ల మీది పైకప్పు గుట్ట ఎక్కుతూ వానలో కలిసిపోయింది. ఆ పైన ఎక్కడో దక్షిణం మూలలో దంతాల ఏనుగు, నా కూతురి చేత ఒక్క చుక్క అందుకోని ఏనుగు. కోపంగా ఉంటుంది. ఉండదా మరి? పన్నెండు దాటితే అడక్కన్నాడు సయా. తీసుకురాకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పనేలేదు. దిగుదామని ఒక కాలు కదిపాను కూడా.

యిన్ యిన్ నా చెయ్యి నలిపేస్తోంది. అది తనకై తాను నలపడం కాదని, మూర్ఛ మొదలవుతోందని తర్వాత తెలిసింది.

"ఆపొద్దు, బాబూ. తోలు."

సింహాలు వెనక్కి వెళ్ళిపోయిన కాసేపటికే దాని కళ్ళు పైకి తేలిపోయాయి. దవడ బిగుసుకుంది. ఒళ్ళంతా విల్లులా వంగి, తర్వాత కొట్టుకోవడం మొదలైంది. బండి చెక్కలు దడదడలాడాయి. నేను దాని తలని ఒళ్ళోకి తీసుకుని పక్కకి తిప్పి, కింద పడకుండా నా ఒళ్ళంతా దాని మీద వేసి పడుకున్నాను. నురగ నా చేతి మీద కారింది. పెదవులు నేరేడుపండు రంగు తిరిగాయి. నేను బుధుణ్ణీ పిలవలేదు, రాహువునీ పిలవలేదు. దాని పేరే పిలిచాను. ఉ ఛిట్ గుర్రాన్ని కొడుతూ తనే ఏదో అరుస్తున్నాడు. ఎంతసేపు అలా గడిచిందో నాకు తెలియదు.

ఆసుపత్రి గుమ్మంలో ఇద్దరు ఆయాలు దాన్ని నా చేతుల్లోంచి తీసుకున్నారు. నా వేళ్ళు దాని జాకెట్టు వదల్లేదు. ఒకావిడ ఒక్కొక్క వేలూ విప్పింది.

"వదలమ్మా! నువ్వు వదిల్తే కదా మేం లోపలికి తీసుకెళ్ళేది! ఇంత ముసలిదానివి, ఇంత బలమేంటి?"

తలుపు మూసుకుంది.

నా జన్మలో మూసుకున్న తలుపులన్నీ ఆ తలుపే అనిపించింది. బల్ల మీద కూర్చున్నాను. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఈసారి అది సరైన పన్నెండే. కొట్టడం పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టాను. తర్వాత కూడా తలుపు తెరుచుకోలేదు. ఏడుపు వినిపించలేదు, కేక వినిపించలేదు. ఒకతను బకెట్టు పట్టుకుని వెళ్ళాడు. ఆ బకెట్లో ఏముందో చూడకుండా కళ్ళు మూసుకున్నాను.

తలుపు తెరుచుకునేసరికి డాక్టరమ్మ చొక్కా చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి.

"ఆడపిల్ల. పిల్లిపిల్లంత ఉంది, కానీ బతికింది. తల్లికి ఇంకో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు తగ్గాయి. ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే..." అని ఆగి నా ఒళ్ళో గిన్నె చూసింది. "ఇదేంటి?"

"ఏం లేదమ్మా" అన్నాను. గిన్నె వెనక్కి దాచుకున్నాను.

సాయంత్రం ఒక్క నిమిషం చూడనిచ్చారు. అన్ని రోజుల తర్వాత వాన ఆగింది. కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీద, యిన్ యిన్ మొహం మీద పడుతోంది. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ఎదురుగా నిలబడ్డాను. అది నన్ను దాటి చూస్తోంది.

"ఎవరూ?"

"నేనే, తల్లీ."

"రాత్రయిందా అమ్మా? ఎవరూ దీపం పెట్టలేదేం?"

దాని కనుపాపల్లో కిటికీ కనిపిస్తోంది, ఎండ కనిపిస్తోంది, నేనూ కనిపిస్తున్నాను.

"అవును, రాత్రే. పడుకో" అన్నాను.

బయట డాక్టరమ్మ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. కళ్ళకేం కాలేదు, మెదడులో వాపు వల్ల ఇలా అవుతుంది, కొద్ది రోజుల్లో సాధారణంగా చూపు వచ్చేస్తుందని చెప్పింది. మిగతావన్నీ మర్చిపోయి "సాధారణంగా" అన్న ఒక్క మాట పట్టుకుని ఆ పూటంతా గడిపాను. నేను ఎరిగినవాళ్ళంతా సాధారణంగా తిరిగొస్తామనే వెళ్ళారు.

మర్నాడు యిన్ యిన్ తన ముంజేతిని బుగ్గకి ఆనించుకుంది.

"చెయ్యి వెచ్చగా ఉంది. ఇది ఎండ. ఎందుకు అబద్ధం చెప్పావు?"

ఇంక చెప్పక తప్పలేదు. విన్నాక దాని కన్నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడిచాను.

"పాపకి కళ్ళున్నాయా?"

"ఉన్నాయి. అందరినీ కోపంగా చూస్తోంది."

"ఎవరి పోలిక?"

"ముడతలు చూస్తే నా పోలికే."

"అమ్మా, ఎక్కడికీ పోకు."

"ఎక్కడికి పోతానే?"

నా లుంగీ చెంగు గుప్పెట్లో పట్టుకుంది. నిద్రలో కూడా వదిలేది కాదు. మంచం పక్కన నేల మీద చాప వేసుకుని అక్కడే ఉన్నాను. తెల్లవారితే తెల్లవారిందని, పొద్దుగూకితే పొద్దుగూకిందని చెప్పేదాన్ని. వాన వస్తే అది నాకంటే ముందే చెప్పేది. రోజులో ఎన్నోసార్లు నేను చప్పుడు చేయకుండా దాని కళ్ళ ముందు చెయ్యి ఊపి చూసేదాన్ని. రెప్ప కదిలేది కాదు.

డా ప్యోన్ అన్నం తెచ్చేది. "సోమవారం పిల్లకి ఏ గొడవా లేదు. పొద్దున పుట్టినా సాయంత్రం పుట్టినా ఒకటే చంద్రుడు" అని పాపని మెచ్చుకునేది. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచేది. "ఇప్పుడైనా వెళ్ళి ఆ దంతాల ఏనుగుకి పోసి రా అక్కా. చూపు అందుకే రావట్లేదేమో."

ఆ మాట నా గుండెల్లో ముల్లులా దిగేది. నేనూ అదే అనుకుంటున్నాను మరి. గిన్నె చాప కిందే ఉంది. ఒకసారి యిన్ యిన్ నిద్రపోతుంటే చెంగు మెల్లిగా లాగి చూశాను. గుప్పెట బిగిసింది. "పోతున్నావా?" అంది, కళ్ళు తెరవకుండానే. లేదన్నాను. మళ్ళీ కూర్చున్నాను. ఏ గ్రహానికి కోపమొచ్చినా రానీ, ఆ గుప్పెట విప్పడం నా వల్ల కాలేదు.

ఆంగ్ న్యున్ కబురంది పడవ దిగి తడిబట్టలతోనే వచ్చాడు. పెళ్ళాం తనవైపు కాకుండా గోడవైపు చూసి నవ్వుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను అతన్ని లోపలికి లాగి, దాని రెండో చెయ్యి అతనికి ఇచ్చాను. ఈ చెయ్యి మాత్రం నాదే అన్నాను.

ఇలా రోజులు గడిచాయి. ఒక పొద్దున పాపని ఒళ్ళో పెట్టుకుని పాలసీసా పడుతున్నాను. పాప తాగనంటోంది, నేను బతిమాలుతున్నాను. యిన్ యిన్ మంచం మీద కూర్చుని ఉంది. ఆ పూట ఎండో వానో నేనింకా చెప్పలేదు.

"ఛీ, అదేంటమ్మా నీ సిగలో?" అంది.

"ఏంటే?"

"ఆ పువ్వు. కుళ్ళిపోయి వేలాడుతోంది. తీసెయ్. ఎన్ని రోజులైంది నువ్వు తల దువ్వుకుని?"

తలెత్తి దాని మొహం చూడడానికి ధైర్యం చాలలేదు. పాప నోటి దగ్గర పాలు కారిపోతున్నాయి.

"ఏ రంగు?" అని అడిగాను.

"ఒకప్పుడు పసుపేమో. ఇప్పుడు చుట్ట రంగు."

నేను పువ్వు తీయలేదు. ఇంకోసారి చెప్పమన్నాను.